సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు: పాత జపాన్ కార్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం ఎండే. రోహిణి కార్తె వచ్చిందంటే మన బెజవాడ, గుంటూరు మనుషులకే దిక్కుతోచదు, ఇరవై పాతికేళ్ల కార్ల సంగతి చెప్పేదేముంది. రాసేవాళ్లకి ఒక్క మనవి. మెకానిక్ ఏమేం మార్చాడో అందరూ పేజీలకు పేజీలు రాస్తున్నారు, బండి ఏ టైములో, ఎంత వేడి మీద, ఏ స్పీడులో మొరాయిస్తోందో మాత్రం ఎవరూ రాయట్లేదు. నాకు పనికొచ్చేది ఆ రెండోదే.

ప్రశ్న: నాది 2001 హోండా సిటీ 1.5. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. బెంజి సర్కిల్ దగ్గర పని చూసుకుని, మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టిన బండి తీద్దామంటే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. అద్దాలు దించి ఓ పావుగంట టీ తాగొచ్చి కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ, ప్లగ్గులు, చివరికి పెట్రోల్ పంపు కూడా మార్పించారు. ఇప్పుడు ఈసీఎం, అదే ఇంజిన్ కంప్యూటరు, పోయిందంటున్నారు. విసుగొచ్చింది సార్, అమ్మేయమంటారా?
— పటమట, విజయవాడ

జవాబు: అమ్మకండి. ఈసీఎం జోలికి అసలు పోకండి. మీరు అద్దాలు దించి టీకి వెళ్లారు చూశారా, అక్కడే సగం జవాబు ఉంది. చల్లబడింది ఇంజిన్ ఒక్కటే కాదు, బండి లోపలి గాలి కూడా చల్లబడింది. కాబట్టి తేడా బానెట్ కింద కాకుండా డాష్‌బోర్డ్ కింద ఉండే అవకాశమే ఎక్కువ.

ఆ కాలపు హోండాల్లో డాష్‌బోర్డ్ కింద మెయిన్ రిలే అని అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా ఒకటి ఉంటుంది. ఒకే డబ్బాలో రెండు రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులు. ఒకటి ఈసీఎంకి, ఇంజెక్టర్లకి కరెంటు ఇస్తుంది, రెండోది పెట్రోల్ పంపుకి. లోపలి సర్క్యూట్ బోర్డు మీద సోల్డరింగ్ ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ సన్నగా చిట్లుతుంది. ఎండలో అద్దాలు మూసి పెట్టిన కారు లోపల వేడికి ఆ చిట్లు తెరుచుకుంటుంది, కరెంటు తెగుతుంది, పంపు తిరగదు. చల్లబడితే మళ్లీ అతుక్కుంటుంది. ఇది ఒక్క మన సిటీ జబ్బే కాదు, 1990ల నాటి సివిక్‌లు, అకార్డ్‌లు ఎక్కడున్నా అక్కడ పేరు మోసిన జబ్బే.

రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఈసారి మొరాయించినప్పుడు మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. ఏసీ బ్లోయరు, పాటలు అన్నీ ఆపి, తాళం ఆన్ దాకా మాత్రమే తిప్పి చెవి పెట్టండి. వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు సన్నగా 'జుయ్' మని పంపు శబ్దం రావాలి, తర్వాత ఆగిపోవాలి. మీటర్లో చెక్ ఇంజిన్ లైటు కూడా రెండు సెకన్లు వెలిగి ఆరాలి. లైటు మామూలుగా వెలిగి ఆరింది కానీ పంపు శబ్దం లేదంటే అనుమానం రిలే మీదికే పోతుంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఒకసారి విని పెట్టుకుంటే మధ్యాహ్నం తేడా ఇట్టే తెలిసిపోతుంది.

రిలే విప్పి, ప్లాస్టిక్ మూత ఊడదీసి, బోర్డు వెనక్కి తిప్పి భూతద్దంతో చూడండి. పిన్ను చుట్టూ సోల్డరు మెరుస్తూ ఉండాల్సిన చోట వెంట్రుకంత సన్నని నల్ల గీత గుండ్రంగా కనిపిస్తుంది. బోర్డు ఊరికే చూస్తే బాగున్నట్టే ఉంటుంది, వెలుగుకి ఏటవాలుగా పెట్టి చూడాలి. పాత సోల్డరు తీసేసి కొత్తగా పోస్తే చాలు, టీవీలు బాగుచేసే కుర్రాడెవరైనా చేసిపెడతాడు. పెద్ద పిన్నులు కాబట్టి బాగా వేడి పట్టించమని చెప్పండి, పైపైన అంటిస్తే వచ్చే వేసవికి మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

పంపు శబ్దం వస్తోంది, అయినా అందుకోవట్లేదంటే కథ వేరు. అప్పుడు నిప్పురవ్వ సంగతి చూడాలి. ఈ ఇంజిన్లలో నిప్పురవ్వ పుట్టించే కాయిల్, ఇగ్నైటర్ రెండూ, దాన్ని ప్లగ్గులకి పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలే ఉంటాయి, రెండూ వేడికి చచ్చేవే. ఇగ్నైటర్ పోయే బండి నిలబెట్టినప్పుడే కాదు, వారధి మీద నడుస్తుండగా కూడా ఉన్నట్టుండి ఆగిపోతుంది. మీరు అలాంటిదేమీ రాయలేదు, అందుకే నా పందెం రిలే మీద.

ఇంకో మాట. ఈ సిటీ హోండా మన ఆసియా దేశాల కోసమే తయారుచేసిన కారు. 1996లో థాయ్‌లాండ్‌లో మొదలైంది, మన దగ్గరికి 1998లో వచ్చింది. పార్టు నంబరు చేతిలో ఉంటే థాయ్‌లాండ్ సరుకు దొరికే దారులున్నాయి. ఆటోనగర్‌లో 'సిటీ రిలే' అని నోటిమాటగా అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. పాత రిలే పట్టుకెళ్లి, మీద ఉన్న నంబరు చూపించి అడగండి.

ప్రశ్న: మా నాన్నగారి 1998 మారుతీ జెన్ నేను వాడుతున్నాను. అరండల్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది, బోలెడు టెన్షన్. అదే బండి విజయవాడ హైవే ఎక్కితే ముల్లు పూర్తిగా కిందికి పడిపోతుంది. 'మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకమ్మా' అని రెండేళ్ల కిందట మెకానిక్ తీసేశాడు. రోజూ రేడియేటర్లో నీళ్లు పోస్తున్నాను. ఇంకేం చేయాలి?
— బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రోజూ నీళ్లు పోయాల్సి వస్తోందంటే ఆ నీళ్లు ఎక్కడికో పోతున్నాయమ్మా, ముందు అది చూడాలి. రేడియేటర్, వాటర్ పంపు, హోసుల క్లిప్పులు, సీటు కింద కార్పెట్ తడి, అన్నీ వెతికించండి. ఎక్కడా కారట్లేదు కానీ నీళ్లు తగ్గుతున్నాయంటే, పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేసి చూడాలి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకి, పైన హెడ్‌కి మధ్య ఉండే సీలు, పోయినట్టు. మీ జెన్ ఇంజిన్ 993 సీసీ, పూర్తిగా అల్యూమినియం. ఒక్కసారి బాగా కాగిందంటే హెడ్ వంగుతుంది, ఆ తర్వాత లేత్ షాపు చుట్టూ తిరగాలి. ముల్లు ఎరుపు దాటాక 'ఇంకో కిలోమీటరే కదా' అని నడపకండి.

ఇక ఆ థర్మోస్టాట్. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు అది. తీసేయడం మన ప్రాంతంలో ఓ ఆచారం అయిపోయింది, నాకు దీని మీద చాలా కోపం ఉంది. అది తీసేస్తే హైవే మీద గాలికి ఇంజిన్ అతిగా చల్లబడుతుంది. ముల్లు పడిపోవడం అంటే అదే. చల్లటి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో తేమ నిలుస్తుంది, తొందరగా అరుగుతుంది. ట్రాఫిక్‌లో కాగడానికి మందు థర్మోస్టాట్ తీసేయడం కానే కాదు. ఆగి ఉన్నప్పుడు గాలి లాగాల్సింది ఫ్యాను. ఏసీ వేసి బానెట్ ఎత్తి చూడండి, ఫ్యాన్లు తిరుగుతున్నాయా, తిరిగితే జోరుగా తిరుగుతున్నాయా. మోటారు బ్రష్షులు అరిగిన ఫ్యాను తిరుగుతుంది కానీ గాలి లాగదు. ఫ్యాను స్విచ్చి కూడా చూడమనండి.

బోరు నీళ్లు పోయడం ఇవాళే మానేయండి. గుంటూరు బోరు నీళ్లకి బిందెలకే తెల్లగా పొలుసు కడుతుంది, రేడియేటర్ సన్న గొట్టాల్లో కట్టదా? రేడియేటర్ విప్పించి కడిగించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయించండి. కొత్త మూత కూడా వేయించండి. చిన్న వస్తువని ఎవరూ లెక్కచేయరు కానీ దాని పని చిన్నది కాదు. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే, 0.9 అంకె ఉన్న మూత ఒత్తిడి పట్టి ఉంచినప్పుడు 118 దాకా మరగవు. మూత రబ్బరు ఎండిపోతే ఆ రక్షణంతా పోయినట్టే.

కొత్త థర్మోస్టాట్ తెచ్చాక బిగించే ముందు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. దాని మీద తెరుచుకునే డిగ్రీ అచ్చు వేసి ఉంటుంది, 82 అనో 88 అనో. గిన్నెలో నీళ్లు పోసి దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. ఆ అంకె దగ్గరికి రాగానే మధ్యలో మైనం ఉన్న గొట్టం మెల్లగా కదిలి వాల్వు తెరుచుకుంటుంది. పొయ్యి ఆపితే మూసుకుంటుంది. తెరుచుకోకపోతే షాపులో తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: 1997 మారుతీ 800, కార్బురేటర్ బండి. పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం అయ్యాక ఐడ్లింగ్ నిలబడట్లేదు, చోక్ లేకుండా కదలదు, పికప్ లేదు. బానెట్ ఎత్తితే పెట్రోలు వాసన. కార్బురేటర్ మొత్తం మార్చమంటున్నారు.
— లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: వాసన ముందు, ఐడ్లింగ్ తర్వాత. పెట్రోలు వాసన వస్తున్న బండిని నడపొద్దు, ఇంజిన్ వేడి మీద ఒక్క చుక్క చాలు. ఆ కాలపు రబ్బరు హోసులు ఇంత ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగుళ్లు తీస్తాయి. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న రబ్బరు ముక్కలన్నీ మార్పించండి, రిటర్న్ పైపు కూడా. హోసు మీద ఆర్9 అని అచ్చు ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు, మీటర్ల లెక్కన అమ్మే మామూలు నల్ల ట్యూబు వద్దు. మీ బండిలో పెట్రోల్ పంపు కరెంటుది కాదు, ఇంజిన్ తిప్పే డయాఫ్రమ్ పంపు. ఆ డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు కంపు కొట్టినా, ఆయిల్ లెవెల్ పెరిగి ఉన్నా పంపు, ఆయిల్ రెండూ మార్చాకే స్టార్ట్ చేయండి.

ఇక పికప్. 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ, అంటే ఇంజెక్టర్ల బండ్లలో కంప్యూటరు ఉంది, సైలెన్సరు వైపు సెన్సరు కూడా ఉంటే గాలికి తగ్గట్టు పెట్రోలు కొంత సర్దుకుంటుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, జెట్ అనే సన్న రంధ్రం ఎంత వదిలితే అంతే. ఇథనాల్‌లో సొంత ఆక్సిజన్ ఉంటుంది, లీటరుకి శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. దాంతో గాలి, పెట్రోలు మిశ్రమం పలచనవుతుంది. చోక్ లాగితే కదులుతోందని మీరే రాశారు, అంటే పెట్రోలు చాలట్లేదనే కదా.

అలాగని వెంటనే కార్బురేటర్ మార్చకండి. మార్కెట్లో దొరికే చవక డూప్లికేట్ కంటే మీ పాతది నూరు రెట్లు నయం. విప్పించి స్లో జెట్, గాలి దారులు శుభ్రం చేయించండి. జెట్‌లోకి ఇనప తీగ పోనివ్వకండి, రంధ్రం పెద్దదైపోతుంది. తాళం ఆన్ చేస్తే కార్బురేటర్ మీది సోలినాయిడ్, అంటే కరెంటుతో కదిలే చిన్న వాల్వు, 'టిక్' మనాలి, అనకపోతే ఐడ్లింగ్ నిలబడదు. కార్బురేటర్ అడుగు గాస్కెట్, వ్యాక్యూమ్ పైపులు గాలి పీలుస్తున్నాయేమో చూడమనండి. ఇవన్నీ అయ్యాక చివరగా మిక్స్చర్ స్క్రూ, కావాలంటే ఒక సైజు పెద్ద జెట్. మన వాళ్లు మొదట చేసేది ఈ స్క్రూ తిప్పడమే.

నెలకోసారి మాత్రమే తీసే బండి అయితే ట్యాంకు నిండా పోసి వదిలేయకండి. ఇథనాల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, నీళ్లు అడుక్కి చేరి ట్యాంకు తుప్పు పడుతుంది. కొంచెం కొంచెం పోయించుకుంటూ వారానికి ఒకసారైనా ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పండి.

ప్రశ్న: 2004 మారుతీ ఎస్టీమ్. పదిహేనేళ్లు దాటిన బండ్లన్నీ తుక్కుకేనని మా బావగారు భయపెడుతున్నారు. నిజమేనా?
— కొరిటెపాడు, గుంటూరు

జవాబు: మీ బావగారు చెప్పేది ఢిల్లీ సంగతి. అక్కడ పెట్రోలు బండికి పదిహేనేళ్లు, డీజిల్‌కి పదేళ్లు అని కోర్టుల దాకా వెళ్లిన గొడవ వేరే. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకి ముగుస్తుంది, ఆ తర్వాత ఫారం 25తో దరఖాస్తు పెట్టి, ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. మీ బండి ఇరవై దాటింది కాబట్టి ఫీజు బరువు తెలుస్తుంది, 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కారుకి 10,000 రూపాయలు చేశారు. వెళ్లేముందు ఛాసిస్ నంబరు ఉన్నచోట తుప్పు, పెయింటు శుభ్రం చేసి అంకెలు చదవడానికి వీలుగా ఉంచుకోండి. చాలామంది అక్కడే వెనక్కి వస్తున్నారు.

ప్రశ్న: 2003 మిత్సుబిషి లాన్సర్ పెట్రోల్ ఒకటి చూశాను. పెయింటు అద్దంలా ఉంది, రేటు నమ్మలేనంత తక్కువ. ఓనరు ఇల్లు సింగ్‌నగర్. తీసుకోవచ్చా గురువుగారూ?
— గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: సింగ్‌నగర్ అంటే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచిన చోటు. ఆ బండి అప్పుడు అక్కడ ఉందా, ఉంటే నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయని మొహమాటం లేకుండా అడుగు తమ్ముడూ. మునిగిన బండి చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకుండా అమ్మేవాళ్లతోనే తంటా.

ఓనరు మాట ఎలా ఉన్నా నీ కళ్లతో చూడాల్సినవి కొన్ని. నాలుగు సీటు బెల్టులూ పూర్తిగా చివరి దాకా బయటికి లాగు. షోరూములో కడిగినట్టు కడిగించిన బండిలో కూడా బెల్టు చివరి మూర ఎవరూ కడగరు, అక్కడ బురద గీత ఉందంటే నీళ్లు అంత ఎత్తుకి వచ్చినట్టే. డిక్కీలో స్టెప్నీ తీసి గుంట అడుగు తడుము, వేలికి మెత్తటి ఒండ్రు తగులుతుందేమో. సీటు పట్టాల బోల్టులు, డాష్‌బోర్డ్ కింద కనెక్టర్ల పిన్నులు టార్చి వేసి చూడు. రాగి మీద ఆకుపచ్చ పొడి పేరుకుని ఉంటే ఆ వైరింగు ఏడాది పొడవునా నిన్ను ఏడిపిస్తుంది. గేరు ఆయిల్ ఓ చుక్క తీయించు, పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. లోపల అగరొత్తుల వాసనో సెంటు వాసనో గుప్పుమంటుంటే ఎందుకు కొట్టారా అని ఆలోచించు.

నీళ్లలో ఉండగా సెల్ఫ్ కొట్టారా అన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. సిలిండర్లోకి నీళ్లు వెళ్లాక ఇంజిన్ తిప్పితే నీళ్లు గాలిలా నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కంప్రెషన్ టెస్టు చేయించి నాలుగు సిలిండర్లలో ఒకటి బాగా తక్కువ చూపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయ్.

అన్నీ బాగున్నా ఒక మాట. లాన్సర్ నడపడానికి సరదా బండి, నాకూ ఇష్టమే. 1998లో చెన్నై దగ్గర తిరువళ్లూరులో తయారీ మొదలైంది, కంపెనీ ఇక్కడ కార్లు అమ్మడం మానేసి చాలా ఏళ్లయింది. టైమింగ్ బెల్టు, క్లచ్, బ్రేకు ప్యాడ్లు ఎలాగో దొరుకుతాయి. టెయిల్ లైటు పగిలిందా, డోరు బీడింగ్ పోయిందా, అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. నీ మొదటి పాత కారు ఇదే అయితే ఎస్టీమో, జెన్నో చూసుకో. రోజూ ఆఫీసుకి వెళ్లడానికి వేరే బండి ఉంటే లాన్సర్ తీసుకో. ఏది కొన్నా ఇంజిన్ కంటే బాడీ ముఖ్యం. ఇంజిన్ని ఆటోనగర్‌లో వారంలో కొత్తది చేస్తారు, బందరు, చీరాల వైపు ఉప్పు గాలికి తుప్పు పట్టిన ఫ్లోరుని టింకరింగ్ చేయించడానికి బండి ధర కంటే ఎక్కువ అవుతుంది. ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్లి డోరు అడుగు అంచుల మీద పెట్టి చూడు, అంటుకోనిచోట రేకు లేదు, పుట్టీ ఉంది.

ప్రశ్న: టొయోటా క్వాలిస్ 2002, మీటర్లో టి-బెల్ట్ అని లైటు వెలుగుతోంది. బండి బాగానే నడుస్తోంది. పట్టించుకోవాలా?
— తాడేపల్లి, గుంటూరు జిల్లా

జవాబు: వెంటనే. అది టైమింగ్ బెల్టు మార్చాలన్న గుర్తు, డీజిల్ బండికి లక్ష కిలోమీటర్ల లెక్క. బెల్టు తెగితే వాల్వులు, పిస్టన్లు గుద్దుకుంటాయి, తెగే ముందు చప్పుడు చేసి చెప్పదు. కొందరు లైటు మాత్రం ఆర్పేసి పంపుతారు, విప్పిన పాత బెల్టు మీ చేతికి ఇమ్మనండి. ఐడ్లర్ బేరింగు, ఆయిల్ సీళ్లు కూడా అప్పుడే వేయించండి. కిలోమీటర్లు తిరగకపోయినా రబ్బరుకి వయసుంటుంది, ఎప్పుడు మార్చారో తెలియని బెల్టుని మార్చాల్సిన బెల్టు కిందే లెక్కేసుకోండి.

ప్రశ్న: ఆదివారం పొద్దున్నే మా నలుగురు ఫ్రెండ్స్‌మి పాత మారుతీలు వేసుకుని కొండవీడు ఘాట్ ఎక్కాం. ఎక్కేటప్పుడు మజా, దిగేటప్పుడు నా 800 బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోయింది, ప్రాణం గుప్పిట్లోకొచ్చింది. కింద పది నిమిషాలు ఆగాక మళ్లీ మామూలే. ప్యాడ్లు కొత్తవి.
— నల్లపాడు, గుంటూరు

జవాబు: ప్యాడ్లు కాదు, బ్రేకు ఆయిల్. అది కూడా గాలిలో తేమ పీల్చేదే. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. వరసగా బ్రేకు నొక్కుతూ దిగితే క్యాలిపర్ దగ్గర ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కడుతుంది, మీ కాలు ఆ బుడగల్ని నొక్కుతోంది. చల్లబడగానే బుడగలు పోతాయి, పెడల్ గట్టిపడుతుంది. మళ్లీ మామూలైందని వదిలేస్తే మాత్రం ప్రమాదం.

ఆయిల్ మొత్తం మార్పించండి, పైన డబ్బాలో టాపప్ చేయడం కాదు, నాలుగు చక్రాల దగ్గరా కొత్త ఆయిల్ వచ్చేదాకా బ్లీడింగ్ చేయాలి. ఆ తర్వాత రెండేళ్లకోసారి. వెనక డ్రమ్ములు విప్పినప్పుడు వీల్ సిలిండర్ రబ్బరు మడత ఎత్తి చూడమనండి, లోపల తడి ఉంటే రెండు వైపులా మార్చండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరు, రెండోదో మొదటిదో. ఇంజిన్ అరిచినా ఫర్వాలేదు, అరవనివ్వండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా గట్టిగా ఒకసారి నొక్కి వదలండి. న్యూట్రల్ చేసి పెట్రోలు మిగులుద్దామనే ఫ్రెండ్ మీ నలుగురిలో ఒకడు తప్పకుండా ఉండే ఉంటాడు, వాణ్ని అందరికంటే ముందు పంపకండి. వేసవిలో వెళ్తే తెల్లారకముందే బయల్దేరండి, పదైతే పైన నిలబడలేరు.